నామినీ లేనివాళ్లు

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో, గడియారాలు బాగుచేసే దుకాణం మీది గదిలో హేమచంద్ర డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాడు. నడుపుతున్నాడంటే పెద్ద మాటే. పెళ్లికొడుకుల వాకబులూ, ఇన్సూరెన్సు కంపెనీల అనుమానాలూ తప్ప ఆ మెట్లెక్కి వచ్చే పని తక్కువ. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. కాకినాడ వదిలి ముప్పై ఏళ్లయినా నోట్లోంచి ‘అండీ’ పోలేదు. భార్య పోయి ఏడేళ్లయింది. కర్రీ పాయింటు నుంచి రెండు పొట్లాలు తెచ్చుకుని మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి విప్పుకుని తింటాడు. ఎవరైనా జాలిపడితే ఒళ్లు మండుతుంది.

అసిస్టెంటు మేబెల్ లాలాగూడ పిల్ల, రైల్వే గార్డు కూతురు. ముప్పై దాటాయి, నోరు ఆగదు. సార్ తెలివి మీద మాత్రం ఆమెకు గుడ్డి నమ్మకం.

అక్టోబరు మూడో వారంలో ఒక పొద్దున ఆ మెట్లు ఎక్కి ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్బై ఒకటో రెండో ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచి.

“లోపలికి రండి మేడమ్,” అని తలుపు వెనక బీరువా సర్దుతూ మేబెల్ పిలిచింది.

ఆవిడ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. “నిన్న ఫోన్ ఎత్తింది నువ్వే గదా బిడ్డా. రాత్రికి రాత్రే జలుబు చేసినట్టుంది, గొంతు పూడుకపోయింది.”

మేబెల్ నోరెళ్లబెట్టింది. నిన్న ఫోన్లో ఆమె మాట్లాడింది రెండే రెండు ముక్కలు. “అరే, ఎట్ల కనిపెట్టిన్రు మేడమ్?”

“ముప్పై నాలుగేండ్లు టెలిఫోన్ ట్రంక్ ఎక్స్‌చేంజ్‌ల ఆపరేటర్‌గ చేసిన. ఒక్కసారి చెవిన పడ్డ గొంతు మర్చిపోను. నాకొచ్చిన విద్య అదొక్కటే.”

ఆవిడ పేరు కుసుమకుమారి. పెళ్లి చేసుకోలేదు. తమ్ముళ్ల చదువులూ పెళ్లిళ్లూ అయ్యేసరికి తన వయసు దాటిపోయింది. ఆ తమ్ముళ్లిద్దరూ ఆవిడ కంటే ముందే పోయారు. మోండా మార్కెట్ వెనక సొంత చిన్న ఫ్లాటులో ఒక్కర్తే ఉంటోంది. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పేసి, సంచిలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది.

ఇన్‌కం ట్యాక్స్ నోటీసు. హేమచంద్ర దాన్ని రెండుసార్లు చదివాడు. ఎక్కడో సముద్రం మధ్య ఒక చిన్న ద్వీపం ఉంది. అక్కడ రిజిస్టరైన ఒక కంపెనీకి కుసుమకుమారి ఏకైక యజమాని. ఆ కంపెనీ పేరిట ముప్పై ఎనిమిది కోట్ల రూపాయలు ఉన్నాయి. ఆ సంగతి ఎందుకు దాచిపెట్టారో పన్నెండు రోజుల్లో జవాబు చెప్పాలి. ఈలోగా పెన్షన్ ఖాతా నిలిపేశారు. జవాబు సరిగా లేకపోతే ఫ్లాటు జప్తు అవుతుంది, కేసు పెడతారు, జైలు కూడా పడొచ్చు.

“కోట్లంటే ఎన్ని సున్నాలో నాకు తెల్వది సార్,” అందామె. “నేను రామేశ్వరం దాటి పోలె. ఈ వయసుల నన్ను జైల్ల పెడితే... బయట నిలబడి ఏడ్వనీకి సుత ఎవరు లేరు.”

నోటీసుకు ఒక జిరాక్సు జతచేసి ఉంది. కంపెనీ పెట్టమని చేసుకున్న దరఖాస్తు. తేదీ 2019 మార్చి 11. కింద ఆవిడ సంతకం. పైన ఫొటో. అందులో నెరిసిన జుట్టు వెనక్కి దువ్వి ఉంది, నుదుట చిన్న బొట్టు, ముక్కుకు ఏమీ లేదు, మొహాన నవ్వు లేదు. ఫొటో మీదుగా ‘సరిచూసితిమి’ అన్న ముద్ర, శ్రీచందన బ్యాంకు మేనేజరు సంతకం. ఆవిడ పెన్షన్ వచ్చేది ఆ బ్యాంకులోనే.

“సంతకం మీదేనా?”

“నాదే. గందుకే పరేషాన్ అయితున్న.”

“ఇంకేమైనా జరిగిందా? ఎవరైనా వచ్చారా, ఫోన్ చేశారా?”

ఆవిడ కాసేపు సంచి మడతపెట్టింది. “నోటీసు వచ్చిన రెండో రోజు ఇంటి ఫోన్ మోగింది. ‘ఈసారి నవంబర్‌ల ఎవరు ఏ కాయితం తెచ్చినా సంతకం పెట్టకు’ అని పెట్టేసిండు.”

“ఎవరు?”

“గుర్తు పట్టలే.”

హేమచంద్ర కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంకేమీ అడగలేదు.

*

ఆవిడ వెళ్లాక మేబెల్ అడిగింది. “సార్, అంత దూరం ద్వీపంల కంపెనీ ఏందీ? జెర అర్థమయ్యేటట్టు చెప్పండి.”

“అక్కడ పన్ను లేదు మేబెల్. డబ్బెవరిదని అడిగేవాడూ లేడు. ఇక్కడ బాగా సంపాదించినవాడు పన్ను ఎగ్గొట్టి అక్కడ దాచుకుంటాడు. తన పేరు మాత్రం ఎక్కడా ఉండకూడదు. అందుకని ఇంకొకరి పేరు కావాలి. ఆ మనిషి నిజంగా బతికి ఉండాలి, ఆధార్, పాన్ ఉండాలి, ఒక బ్యాంకు ‘ఈమె మాకు తెలుసు’ అని ముద్ర కొట్టాలి. ఇన్నాళ్లూ ఇవి బయటపడేవి కావు. ఇప్పుడు దేశాలు ఖాతాల వివరాలు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నాయి. అసలువాడు తప్పించుకుంటాడు, పేరున్నవాళ్లు దొరికిపోతారు.”

“మరి ఈమె పేరే ఎందుకు పెట్టిన్రు?”

“అదే తేలాలి,” అన్నాడు హేమచంద్ర.

మర్నాడు ఇద్దరూ కుసుమకుమారి ఇంటికి వెళ్లారు. కింద మార్కెట్లో కూరగాయల కేకలు, ఆటోల హారన్లు. పైన ఆవిడ ముందుగదిలో గోడ గడియారం చప్పుడొక్కటే వినపడుతోంది. ఒక మూల టెలిఫోను, దాని మీద తెల్లటి అల్లిక గుడ్డ.

“సెల్‌ఫోన్ ఉంది గదా మేడమ్, ఇదెందుకు?” అంది మేబెల్.

“ఉండనీ అని ఉంచిన. నెలకు ఒక్కసారన్న మోగుతది. రాంగ్ నంబరే అనుకో.”

మేబెల్ మాట మార్చడానికి గోడ మీది ఫొటో చూపించింది. ఆవిడ రిటైరైన రోజుది. మెడలో దండ, ముక్కుకు ఎర్రరాయి ముక్కుపుడక. “అబ్బ, ఎంత బాగున్నరు! ఇప్పుడు తీసేసిన్రా?”

“మా అమ్మ పన్నెండో ఏట కుట్టించింది. ఒక్కనాడు తియ్యలే. రెండేండ్ల కింద మెట్ల మీద పడ్డ. నడుముకు స్కానంటే లోహం ఉండొద్దన్నరు. ఎంతకు రాకపోతే కత్తిరించి తీసిన్రు. మల్ల పెట్టుకుందమంటే రంధ్రం పూడుకపోయింది. ఒక్కదాన్నే ఉన్న, ఎవరు చూస్తరని ఊకున్న.”

“ఆసుపత్రి కాగితం ఉందాండీ?” అని అడిగాడు హేమచంద్ర.

ఆవిడ తెచ్చి ఇచ్చింది. 2022 ఆగస్టు నాటిది. ఆయన తేదీ రాసుకుని తిరిగి ఇచ్చేశాడు.

“నవంబరులో బ్యాంకుకు మీరే వెళ్తారా?”

నవంబరు మాట వినగానే ఆవిడ మొహం విప్పారింది. పెన్షన్ తీసుకునేవాళ్లు ఏటా ఆ నెలలో తాము బతికే ఉన్నామని రుజువు చూపించాలి. నడుము దెబ్బ తగిలాక బ్యాంకువాళ్లే ఇంటికొస్తున్నారు. “దయాకర్ అని మంచి పిల్లగాడు వస్తడు. ఆ రోజు సర్వపిండి చేస్త. రెండు తిని, చాయ్ తాగి, గంటసేపు ముచ్చట పెట్టి పోతడు. ఏం కూర వండుకున్నవమ్మా అని అడుగుతడు సార్. నన్ను ఆ మాట అడిగేటోళ్లు ఇంకెవరు లేరు.”

“అప్పుడు ఎన్ని సంతకాలు తీసుకుంటాడు?”

“యాదికి లేదు,” అని ఆవిడ గబుక్కున లేచి చాయ్ పెట్టడానికి వెళ్లింది.

మెట్ల కింద తిరుమల్‌ది జిరాక్సు, నెట్ సెంటరు. కుసుమకుమారి ఆధార్, పాన్ అతని దగ్గర ఉన్నాయా అని అడిగితే పకపకా నవ్వాడు. “నా కంప్యూటర్ల సగం మోండా మార్కెట్ ఆధార్ కార్డులున్నయ్ సార్. రెండువేల పదిహేనుల షురూ చేసిన దుకాణం. గట్లని కోట్లు దాచే తెలివుంటే ఈడ రెండు రూపాయలకు కాయితాలు తీస్తనా?”

బ్యాంకుకు మరుసటి రోజు వెళ్లారు. తన తరఫున వివరాలు అడగవచ్చని కుసుమకుమారి ఒక ఉత్తరం రాసి, ఇంట్లో ఉన్న ఫొటో ఒకటి అంటించి ఇచ్చింది. మేనేజరు తాతారావు గోదావరి జిల్లా మనిషి. నున్నటి క్రాపు, మల్లెపూవులాంటి చొక్కా. ఉత్తరం చదివి వేలితో ఫొటో చూపించాడు.

“క్షమించాలండీ. ఇది పాత ఫొటో. మాకు ఆరు నెలల లోపుదే కావాలి. చాదస్తం అనుకోకండి, ముప్పై ఏళ్ల అలవాటు. పాత ఫొటో చూస్తే నాకు చెయ్యి ఆడదు.”

మేబెల్ మొహం మాడ్చుకుంది. హేమచంద్ర మాత్రం నవ్వాడు. “పర్వాలేదండీ. ఒక్క సంగతి చెప్పండి. ఆ దరఖాస్తు ధ్రువీకరించిందెవరు?”

“అప్పటి మేనేజరు. కోవిడ్‌లో పోయారు పాపం. పోయినవారి గురించి చెడు చెప్పకూడదు. కానీ ఆ సంతకం ఆయనదేనండీ.”

“మీరెప్పుడు వచ్చారిక్కడికి?”

“రెండువేల ఇరవై ఒకటి జూన్. అంతకుముందు విజయవాడ.”

బయట కౌంటరు దగ్గర దయాకర్ కనిపించాడు. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. కుసుమకుమారి పేరు వినగానే అతని చేతిలో పెన్ను కింద పడింది.

“అమ్మ బాగున్నదా సార్?”

“బాగాలేదు. నువ్విక్కడ ఎన్నాళ్లుగా ఉన్నావు?”

“రెండువేల పదహారు నుంచి ఇదే బ్రాంచి.”

“ఆవిడకు ఫోన్ చేశావా?”

“లేదు సార్,” అని వంగి పెన్ను వెతుక్కున్నాడు. ఆ పెన్ను అతని కాలి పక్కనే ఉంది.

*

నోటీసు పంపిన అధికారి లీలాకుమారి ఖచ్చితమైన మనిషి, కానీ చెడ్డది కాదు. హేమచంద్ర చెప్పినదంతా విని ఒక మాట చెవిన వేసింది. అదే బ్యాంకు బ్రాంచి నుంచి మొత్తం పదకొండుమంది పెన్షనర్లకు ఇలాంటి నోటీసులే వెళ్లాయట. నోటీసు అందుకున్నవాళ్లు ఒకరికొకరు సాయంగా ఉంటారంటే చిరునామాలు ఇవ్వడానికి ఆమెకు అభ్యంతరం లేకపోయింది.

మూడు రోజులు మేబెల్ ఆ ఇళ్లన్నీ తిరిగింది. ఏ.ఎస్. రావు నగర్‌లో కామేశ్వరమ్మ అనే ఆవిడ, ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేసి రిటైరైంది, మేబెల్ ఎవరో ఎందుకొచ్చిందో అడక్కుండానే కూర్చోబెట్టి భోజనం వడ్డించింది. తిన్నాక అప్పుడు అడిగింది, “ఇంతకీ ఎవరమ్మా నువ్వు?” అని. బొల్లారంలో భద్రయ్య అనే మాజీ రైల్వే ఉద్యోగి నోటీసు కవరు విప్పనే లేదు. “నాకు ఉత్తరం రాసేటోళ్లు ఎవరున్నరు బిడ్డా, ఏదో అడ్వర్టైజ్‌మెంట్ అనుకున్న,” అన్నాడు.

తిరిగొచ్చి బల్ల మీద పదకొండు పాస్‌బుక్కుల జిరాక్సులు పరిచి మేబెల్ కళ్లు తుడుచుకుంది. “సార్, నాకు ఏడుపొస్తున్నది. పెండ్లి కానోళ్లు, పిల్లలు లేనోళ్లు, ఎవరు లేనోళ్లు. పదకొండుమందికి పదకొండుమంది గంతే. ఇదిగో చూడండి.”

ప్రతి పాస్‌బుక్కు మొదటి పేజీలో ఒకే చోట ఆమె వేలు పెట్టి చూపించింది. ఖాతాదారు చనిపోతే డబ్బు ఎవరికి ఇవ్వాలో రాసే నామినీ గడి. పదకొండింట్లోనూ ఖాళీ.

హేమచంద్ర సొరుగు లాగి తన పాస్‌బుక్కు తీశాడు. మొదటి పేజీ తెరిచి చూసి, మూసి, మళ్లీ సొరుగులో పెట్టేశాడు. భార్య పేరు కొట్టేయించి ఏడేళ్లయింది. ఆ గడిలో ఇంకో పేరు రాయలేదు. మేబెల్ చూసింది కానీ, జన్మలో మొదటిసారి నోరు మూసుకుని ఊరుకుంది.

*

నోటీసు గడువు ఇంకా మూడు రోజులు ఉందనగా, మధ్యాహ్నం నాలుగింటికి అందరూ కుసుమకుమారి ముందుగదిలో కూర్చున్నారు. లీలాకుమారి, తాతారావు, దయాకర్, తిరుమల్, మేబెల్, హేమచంద్ర. బ్యాంకువాళ్లిద్దరినీ లీలాకుమారి పిలిపించింది. కుర్చీలు చాలక తిరుమల్ కింద నుంచి ప్లాస్టిక్ స్టూళ్లు తెచ్చాడు. ఆవిడ ఇంట్లో ఆరే స్టీలు గ్లాసులున్నాయి. ఏడోది లేకపోయేసరికి మేబెల్ వెళ్లి పక్కింట్లో ఒక గ్లాసు అడిగి తెచ్చింది. ఆ గదిలో ఇంతమంది కూర్చుని ఎన్నేళ్లయిందో కుసుమకుమారికే గుర్తులేదు.

హేమచంద్ర దరఖాస్తు జిరాక్సు పైకెత్తాడు.

“దీని మీద తేదీ 2019 మార్చి. ఫొటోలో అమ్మ ముక్కు చూడండి. ముక్కుపుడక లేదు. అది పన్నెండో ఏట నుంచి ఆవిడ ఒంటి మీదే ఉంది. తీసింది 2022 ఆగస్టులో, ఆసుపత్రిలో. కాగితం ఇదిగో. అంటే ఫొటో ఆ తరవాతదే. ఈ దరఖాస్తు ఆ తరవాత తయారైందే. తేదీ వెనక్కి వేశారు.”

లీలాకుమారి రెండు కాగితాలూ చేతిలోకి తీసుకుని పక్కపక్కన పెట్టి చూసింది.

“తేదీ వెనక్కి ఎవరు వేస్తారు? ఆ తేదీన తాను అక్కడ లేనని చెప్పుకోగలిగినవాడు. తిరుమల్ దుకాణం పదిహేను నుంచి ఉంది. దయాకర్ పదహారు నుంచి ఆ బ్రాంచిలోనే ఉన్నాడు. 2019 అని వేస్తే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఆ తేదీ వల్ల తప్పించుకోగలిగేది ఒక్కరే. ఇరవై ఒకటి జూన్‌లో వచ్చిన తాతారావుగారు. చనిపోయిన మేనేజరు సంతకం దొంగగా దించితే నేరం ఆయన నెత్తిన పడుతుంది. ఆయన లేచి వచ్చి కాదనడు.”

“ఇదేం మాటండీ!” తాతారావు స్టూలు మీంచి లేచాడు. “నేనే చేస్తే పాత ఫొటో వేసుకోనా? ఆవిడ పాత ఫొటోలు మా ఫైల్లో నాలుగున్నాయి!”

“సరిగ్గా అదేనండీ నాకూ వచ్చిన అనుమానం. ముక్కుపుడకతో ఉన్న పాత ఫొటో పెడితే ఎవరికీ దొరికేది కాదు. మామూలు దొంగైతే అదే పెట్టేవాడు. కానీ అవతలి ద్వీపంవాళ్ల ఫారంలో ‘ఆరు నెలల లోపు ఫొటో’ అని ఉంది. మేం తెచ్చిన ఉత్తరం మీద మీరేమన్నారు? పాత ఫొటో చూస్తే చెయ్యి ఆడదన్నారు. దొంగతనం చేస్తూ కూడా మీకు బ్యాంకు రూలు తప్పబుద్ధి కాలేదు.”

తిరుమల్ “అబ్బ సార్!” అని చప్పట్లు కొట్టబోయి, అందరూ చూసేసరికి చేతులు దించుకున్నాడు.

“ఇదంతా ఊహ,” అన్నాడు తాతారావు. “ఫొటో నేను తియ్యలేదు. సంతకాలు నేను తీసుకోలేదు. ఈ ఇంటి గడప ఇవాళే తొక్కుతున్నాను.”

“అది నిజమే. వచ్చిన మనిషి వేరు.” హేమచంద్ర కుసుమకుమారి వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. “అమ్మా, మేబెల్ గొంతు ఒక్కసారి విని జలుబు కూడా పట్టుకున్నారు మీరు. ఫోన్ చేసిన మనిషిని గుర్తుపట్టలేదంటే నేను మొదటి రోజే నమ్మలేదు. ఎవరినో కాపాడుతున్నారు. ఇప్పుడు ఆ పేరు చెప్పకపోతే మిమ్మల్ని కాపాడటం నావల్ల కాదు. మీతోపాటు ఇంకో పదిమంది ఉన్నారు.”

ఆవిడ తలవంచుకుంది. అందరూ ఆవిడనే చూస్తున్నారు, దయాకర్ తప్ప.

“చెప్తే మల్ల రాడు గదా సార్,” అంది చివరికి. “ఏడాదికి ఒక్కనాడు వస్తడు. పదిహేను రోజుల ముందు నుంచి పిండి జల్లించి పెట్టుకుంట. ఆ ఒక్కనాడు సుత లేకపోతే నేనేం చేసుకోవాలె?” కొంగుతో మొహం తుడుచుకుంది. “దయాకర్ గొంతే. ‘హలో’ అనకముందే తెలిసింది నాకు. ఊపిరి తీసుకుంటేనే తెలిసింది.”

దయాకర్ స్టూలు మీంచి జారి నేల మీద కూర్చుండిపోయాడు.

“నేనే అమ్మా. మేనేజర్ సార్ ఒక కట్ట ఇచ్చిండు, లైఫ్ సర్టిఫికెట్‌తో పాటు ఇవి సుత పెట్టించుకరా అని. తేదీ గడులు ఖాళీగున్నయ్. ఫొటో తియ్యమన్నడు. మొదట నాకేం తెల్వదు. తెలిసినంక అడిగిన. ‘నీకు ఉద్యోగం కావాలా వద్దా’ అన్నడు. ఇంట్ల లోను, చిన్న పిల్లలు... ఊకున్న.” జేబులోంచి ఫోన్ తీసి లీలాకుమారి చేతికిచ్చాడు. “సార్ పంపిన మెసేజి ఉంది. ‘ఆరు నెలల లోపు ఫొటో, వెనక తెల్లగోడ’ అని. 2022 నవంబర్ పద్నాలుగు. నేను తీసిన ఫొటో సుత ఉంది. చెరిపెయ్యనీకి చెయ్యి రాలె.”

లీలాకుమారి చూసింది. తల ఊపింది. “పేర్లు ఎట్లా ఎంచారు?” అని తాతారావును అడిగింది.

తాతారావు మాట్లాడింది నేరస్థుడిలా కాదు, మీటింగులో లెక్క అప్పగించే ఉద్యోగిలా.

“నేనొక్క రూపాయి ముట్టలేదండీ. ఒక బిల్డరు మా బ్రాంచిలో పెద్ద ఖాతాదారు. ఆయన వెళ్లిపోతే పైవాళ్లు నన్ను బతకనివ్వరు. నాలుగు పేర్లు కావాలన్నాడు, తరవాత ఇంకొన్ని. నామినీ లేని పెన్షనర్ల జాబితా కంప్యూటర్లో ఒక్క నిమిషంలో వస్తుంది. వాళ్లకు నష్టం ఏముంది చెప్పండి? తెలిసేదే కాదు. కంపెనీ బదిలీ పత్రాల మీద కూడా ముందే వాళ్ల సంతకాలు ఉన్నాయి. వాళ్లు పోయాక కంపెనీ ఇంకో పేరుకు మారిపోతుంది. అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.”

ఆ ఆఖరి మాట అన్నాక తానేమన్నాడో అతనికే వినపడినట్టుంది. ఆగిపోయాడు.

హేమచంద్రకు కోపం వచ్చింది. ఆయనకు ఇంత కోపం రావడం మేబెల్ ఎప్పుడూ చూడలేదు. “ఎవరూ లేనివాళ్లు ఏటా మీ దగ్గరికొచ్చి ‘మేం బతికే ఉన్నాం’ అని రాసిస్తారు. ఈ ఊళ్లో ఆ మాట వాళ్లు చెప్పుకునేది మీ ఒక్క బ్యాంకుకే. మీరు దాన్ని తీసుకెళ్లి వాళ్ల చావు కోసం కాచుకున్నవాడికి ఇచ్చారు. రూపాయి ముట్టలేదని చెప్పుకోవడానికి సిగ్గుండాలండీ.”

లీలాకుమారి బయటికి వెళ్లి ఫోన్ చేసింది. పోలీసులు వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా తాతారావు తన ముందున్న చాయ్ గ్లాసు ముట్టలేదు.

వాళ్లు మెట్లు దిగి వెళ్తుంటే దయాకర్ గడప దగ్గర ఆగాడు. అతను కూడా స్టేషనుకు వెళ్లి చెప్పాల్సింది చాలా ఉంది. “అమ్మా,” అన్నాడు.

“తెలిసినంక ఎన్నిసార్లు వచ్చినవ్?” అని అడిగింది కుసుమకుమారి.

“ఒక్కసారి. పోయిన ఏడాది.”

“ఆరోజు నేను సర్వపిండిల పల్లీలు ఎక్కువేసిన. నీకిష్టమని.” ఆవిడ కళ్లు తిప్పుకోలేదు. “తెలిసే తిన్నవా బిడ్డా?”

అతను ఏడుస్తూ మెట్లు దిగిపోయాడు. ఆవిడ తలుపు వేసుకుని, ఏడుగురి గ్లాసులూ ఒక్కర్తే కడుక్కుంది. మేబెల్ సాయం చేస్తానన్నా వద్దంది.

*

పదకొండుమంది నోటీసులూ వెనక్కి తీసుకున్నారు. పెన్షన్లు మళ్లీ వచ్చాయి. బిల్డరు పేరు పేపర్లో పడింది. దయాకర్ ఉద్యోగం పోయింది, సాక్షిగా నిలబడ్డాడు. నవంబరు మొదటి వారంలో మేబెల్ ఆటో మాట్లాడి కుసుమకుమారిని బ్యాంకుకు తీసుకెళ్లి లైఫ్ సర్టిఫికెట్ ఇప్పించింది. కొత్త మేనేజరు నామినీ ఎవరని అడిగితే, ఆలోచించుకుని చెప్తానందట. వచ్చేటప్పుడు ఆవిడ మేబెల్‌ను ఒక సాయం అడిగింది. మిగతా పదిమందినీ అడిగి, వాళ్లు సరేనంటే ఫోన్ నంబర్లు తెచ్చిపెట్టమంది.

అది ఎందుకో మేబెల్ హేమచంద్రకు చెప్పలేదు. ఆమె ఆయనకు చెప్పకుండా దాచింది అదొక్కటే.

ఆ తరవాతి సోమవారం మేబెల్ సెలవు. హేమచంద్ర ఆఫీసులో ఒక్కడే కూర్చుని పేపరు చదువుతున్నాడు. పదకొండింబావుకు బల్ల మీది ఫోన్ మోగింది. కేసేదో వచ్చిందనుకుని ఎత్తాడు.

“హలో,” అంది అవతలి గొంతు. చురుగ్గా, స్పష్టంగా, ముప్పై నాలుగేళ్లు లైన్లు కలిపిన గొంతు. “కుసుమకుమారిని మాట్లాడుతున్న. రోజు పదింటికి అందరికి ఫోన్లు షురూ చేస్తున్న సార్. కామేశ్వరమ్మ బాగుంది, పప్పుచారు పెట్టుకుందట. భద్రయ్యకు దగ్గు తగ్గలే. పదిమంది అయిపోయిన్రు. నాతోని పదకొండు. మీ పాస్‌బుక్కు సంగతి మేబెల్ చెప్పింది. మీది పన్నెండో నంబరు.”

హేమచంద్ర చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“సార్? లైన్ల ఉన్నరా?”

“ఉన్నానమ్మా.”

“ఏం కూర వండుకున్నరు?”

ఆయన బల్ల మీది కర్రీ పాయింటు పొట్లాల వైపు చూశాడు. అబద్ధం చెబుదామనుకున్నాడు. గొంతుతో ఆ మనిషిని మోసం చెయ్యడం కుదరదని గుర్తొచ్చింది.

“వండుకోలేదండీ,” అన్నాడు. “ఏడేళ్లుగా వండుకోవడం లేదు.”

“సరే,” అంది కుసుమకుమారి. “రాసుకుంటున్న. రేపు మల్ల అడుగుత.”